అంచు లేని బట్ట

మంగళవారం, పగలు పదకొండు గంటలకు డాక్టరమ్మ నా కుడికాలి కట్టు విప్పడం మొదలుపెట్టింది. అప్పటికి నాకు గడియారం చూడటం రాదు. ఆమె కత్తెర అందుకోగానే, డ్రెస్సింగు చేసే దావీదు గోడ గడియారం వైపు చూసి గంట పైకి చదివి కాగితం మీద రాసుకున్నాడు కాబట్టి తెలుసు. కట్టు కింద పుండు ఎర్రగా ఉంటే కాలు ఉంటుంది. నల్లగా ఉంటే మడమ పైదాకా తీసేస్తారు. సంగతి అంతే. నాకప్పుడు పదిహేడో, పద్దెనిమిదో. మా బాపు, అంటే మా నాన్న, తలుపు అవతల వసారాలో గోడకు ముఖం పెట్టి నిలబడ్డాడు. ఆ కట్టుగుడ్డ నేసింది ఆయనే. దానికి ముందు కట్టిన గుడ్డ, నా కాలిని ఆ గతికి తెచ్చిన గుడ్డ, నేసిందీ ఆయనే.

ఇదంతా ఇప్పుడెందుకంటే, మొన్న నా మనవరాలు నా ఇనుప పెట్టె సర్దుతూ ఒక గుడ్డచుట్ట బయటకు తీసి "అమ్మమ్మా, గీ మసిగుడ్డ పారేద్దునా?" అంది. మంచిర్యాలలో నర్సు పని చేస్తుంది. రోజుకు ఎన్ని కట్లు కడుతుందో, ఎన్ని విప్పుతుందో దానికే తెలియదు. కానీ చేతితో నేసిన కట్టుగుడ్డ దాని కంటికి మసిగుడ్డలా కనబడింది. తప్పు దానిది కాదు. నేను చుట్ట లాక్కుని ఒళ్లో పెట్టుకున్నాను. "గంత కోపమేందే" అని నవ్వింది. కోపం కాదు. నాకు అక్షరాలు ముప్పై దాటాక వచ్చాయి, రాయడం ఇప్పటికీ బండి గుంతలో పడి లేచినట్టే సాగుతుంది. అయినా ఇది రాయాలి అనిపించింది.

మాది సుల్తానాబాద్ పక్కన సాలెవాడ. ఇంట్లో గుంట మగ్గం, దాని చుట్టూ మిగిలిన సంసారం. పొద్దున నిద్ర లేచేది గంజి వాసనతోనే. జొన్న గంజి పులిసి, పడుగు మీద కుంచెతో పూస్తుంటే ఆ పుల్లటి వాసన మా జుట్టుకు, దుప్పట్లకు, మా కన్నతల్లి అవ్వ వండిన మక్కగట్కకు కూడా పట్టేది. బాపుకు మాటలు తక్కువ, నేతలో ఒత్తు ఎక్కువ. ఆయన నేసిన బట్టలో నీళ్లు పోసి నలుగురు నాలుగు చెంగులు పట్టుకుంటే, కింద చుక్క రాలడానికి చాలాసేపు పట్టేది. ఎండకు అడ్డంగా పట్టుకుంటే అవతల మనిషి కనబడకూడదు. అది ఆయన లెక్క. అంచు మాత్రం ఎర్రగా ఉండాలి. తువ్వాల అయినా, పంచె అయినా, పసిపిల్లల పొత్తిగుడ్డ అయినా ఎర్ర అంచు లేకుండా మా ఇంటి గడప దాటేది కాదు.

ఒక్క బట్టకే అంచు ఉండేది కాదు. వాడలో ఎవరైనా చనిపోతే బాపును లేపేవాళ్లు. ఆయన ఎవరితో మాట్లాడకుండా మగ్గంలో దిగి, పలచగా, గంజి లేకుండా, అంచు లేకుండా గబగబా నేసి ఇచ్చేవాడు. ఆ బట్ట ఇంట్లో ఒక్క పూట కూడా ఉండకూడదు. ఇచ్చేసి వచ్చి నెత్తి మీద నీళ్లు పోసుకుని, పేక పోగు వేసే నాడెను పసుపు నీళ్లలో కడిగి ఎండబెట్టేవాడు. నాడె ఆరేదాకా మగ్గం ముట్టడు. మేము చిన్నప్పటి నుంచి చూసిన వాడుక అది. ఎందుకని అడిగే ధైర్యం మాకెవరికీ లేదు.

నాకు రోగం ఉందని మొదట తెలిసింది అవ్వకు, అదీ వాసనతో. పొయ్యి ముందు నిలబడి ఉన్నాను. జారిపడ్డ నిప్పు నా పాదం కింద ఉంది. మాంసం కాలుతున్న వాసన వచ్చి అవ్వ నన్ను పక్కకు గుంజింది, నాకేమో తెలియనే లేదు. తర్వాత తొడ మీద ఉన్న తెల్లమచ్చ చూసింది. పెద్దరోగం అన్న మాట మా ఇంట్లో ఎవరూ పైకి అనలేదు, కానీ వారం తిరగకముందే వాడంతా అనేసింది. పెళ్లి అయి ఇంకా కాపురానికి పోని నన్ను అత్తవాళ్లు రావద్దని కబురు పంపారు. కులపెద్దలు పిల్లను ఊరి అవతల గుడిసెలో పెట్టమన్నారు. బాపు విన్నాడు. తెల్లారి తమ్ముళ్లను అవ్వకు ఒప్పజెప్పి, నన్ను రైలెక్కించాడు.

రజాకార్ల గడబిడ సద్దుమణిగిన తర్వాతి రోజులవి. రైల్లో, కాలిన చోట పుండుపడిన నా కాలు ఎవరికంట్లోనూ పడకుండా బాపు తన తువ్వాల చుట్టి, ఆ కాలును తన ఒళ్లో పెట్టుకున్నాడు. గోదావరి వంతెన మీదికి రాగానే పెట్టెలో ఉన్నవాళ్లంతా నదికి దండం పెట్టారు. బాపు పెట్టలేదు. ఆయన రెండు చేతులూ నా కాలి మీద ఉన్నాయి.

మంచిర్యాలలో దిగి, ఎడ్లబండి మీద సగం దినం పోతే మిషను వాళ్ల కుష్ఠు ఆవరణ. పెంకుటిళ్ల వరసలు, ఫినాయిలు వాసన, పొద్దున మాపున ప్రార్థన గంట. డాక్టరమ్మ సముద్రాల అవతలి మనిషి. పుస్తకంలో నేర్చుకున్న తెలుగు, పుస్తకంలాగే మాట్లాడేది. నా కాలును రెండు చేతులతో పట్టుకుని తిప్పి చూసింది. రోగం బయటపడ్డాక నన్ను ఇంటివాళ్లు కాక వేరే మనిషి ముట్టుకోవడం అదే మొదలు. నాకు ఏడుపు రాలేదు, సిగ్గు వచ్చింది. కాలు కడుక్కొని ఉంటే బాగుండేది అనిపించింది.

నాలుగు రోజులు ఉండి పోతానన్న బాపు పోలేదు. ఆవరణలో రోగుల కోసం పెట్టిన రెండు మగ్గాలు మూలకు పడి ఉన్నాయి. పని ఇస్తే ఉంటానన్నాడు. కట్టుగుడ్డకు కరువుగా ఉందని డాక్టరమ్మ సంతోషపడి ఒక నమూనా ముక్క తెచ్చి ఇచ్చింది. బాపు దాన్ని ఎండకు పట్టుకున్నాడు.

"గిదేం బట్టమ్మా? దోమతెరనా?"

"పుండుకు గాలి కావాలి. పలచగా నేయండి. గంజి వద్దు. అంచు వద్దు" అంది ఆమె.

బాపు ముఖం మాడింది. ఆమె పోయాక నా మంచం పక్కన కూర్చుని గొంతు తగ్గించి అన్నాడు. "అంచు వద్దట. గంజి వద్దట. పలచగనట. గది సావుబట్ట గాదా బిడ్డా? బతికున్న పిల్లకు నా చేతుల తోని నేనెట్ల నేస్త?"

నేసాడు. కానీ తన లెక్కలోనే నేసాడు. దట్టంగా, పెళపెళలాడే గంజితో, రెండు పక్కలా వేలెడు ఎర్ర అంచుతో. పక్కన కూర్చుని కండెలు చుట్టే ఖాసింసాబ్ నవ్వాడు. ఆయన జగిత్యాల వైపు మనిషి, వేళ్లు సగం పోయినా కండెలు చుట్టడంలో ఆయన్ను మించినవాడు లేడు. "అరె మల్లయ్య భాయ్, గిది కట్టు గడ్తరా, పెండ్లికొడుక్కు తలపాగ జుడ్తరా?" అన్నాడు. బాపు పట్టించుకోలేదు. మొదటి చుట్ట నాకే తెచ్చాడు.

దావీదు దాన్ని వేళ్ల మధ్య నలిపి చూశాడు. ఆయనకూ ఈ రోగమే వచ్చి తగ్గింది, ఆ ఆవరణలోనే పని నేర్చుకుని డ్రెస్సర్ అయ్యాడు. "మల్లన్నా, గిది అంగీ గుట్టుకునేటట్టున్నది. పుండుకు పనికి రాదే" అన్నాడు. "నా బిడ్డకు గిదే గట్టు" అన్నాడు బాపు. ఇక్కడ నా తప్పు కూడా రాయాలి. నేనూ పట్టుపట్టాను. ఆ గుడ్డలో మా ఇంటి వాసన ఉంది. పులిసిన గంజి, అవ్వ, తమ్ముళ్లు అందరూ ఉన్నారు. "గదే గట్టన్నా" అని బతిమాలాను. గిడ్డంగిలో పాత గుడ్డ కూడా అయిపోయింది. దావీదు కట్టాడు.

మాకు నొప్పి తెలియదు కదా. అదే ఈ రోగం చేసే పెద్ద మోసం. గంజి తడిసి మళ్లీ ఆరి మట్టిపెల్లలాగా బిగిసింది. లోపలి నీరు బయటకు రాలేదు. పైన ఎర్రమరక కనబడితే అంచు రంగు దిగిందనుకున్నారు. సగం రంగే, సగం రంగు కాదు. నాలుగో రోజు నాకు జ్వరం వచ్చి పళ్లు కొట్టుకుంటుంటే అప్పుడు విప్పారు. డాక్టరమ్మ ఎవరినీ తిట్టలేదు. కడిగింది, చచ్చిన చర్మం కత్తిరించింది, నమూనాకు తెచ్చిన ముక్కనే పుండు మీద కప్పి ఉంచింది. ఆ రోజు శుక్రవారం. మంగళవారం దాకా చూస్తాననీ, పుండు తగ్గుముఖం పట్టకపోతే కాలు తీస్తాననీ చెప్పింది. బాపు "దేనివల్లనమ్మా?" అని అడిగాడు. ఆమెకు అబద్ధం చెప్పడం రాదు. గుడ్డ వల్ల అని చెప్పింది.

ఆ పూట నుంచి బాపు అన్నం ముట్టలేదు. మగ్గం దగ్గర కూర్చుంటాడు, నాడె చేతిలో పట్టుకుంటాడు, నేయడు. పలచగా నేయకపోతే బిడ్డ కాలు పోతుంది. నేస్తే తన చేతులతో తనే బిడ్డకు చావుబట్ట నేసినట్టు. ఆయన ఇరకాటం అది. బయటివాళ్లకు పిచ్చిలాగా కనబడవచ్చు, మాకు కాదు. ఖాసింసాబ్ పక్కనే ఖాళీగా కూర్చున్నాడు. "నువ్వు తినకుంటే నాకు గూడ తినబుద్ధి గాదు. నన్నెందుకు రోజా ఉంచుతున్నవయ్యా, గిది రంజాను గూడ గాదాయె" అన్నాడు.

శనివారం పొద్దున ఊర్లు తిరిగే పాస్టరు అయ్యగారు వచ్చారు. ఎండలో ఎంతో దూరం నడిచి వచ్చిన మనిషి, చెడ్డవాడు కాదు. మంచం మంచం దగ్గర ఆగి ప్రార్థన చేశాడు. నా దగ్గర ఆగి, ఇది దేవుడు పెట్టే పరీక్ష అనీ, విశ్వాసం గట్టిగా ఉంటే కాలు నిలుస్తుందనీ చెప్పాడు. పక్క మంచం మీద రాజవ్వ ఉంది. దాని కాలు అంతకు ముందు నెలలోనే తీసేశారు. అది నా ఈడుదే, నోరు కత్తెర. "మరి నేను పరీక్ష తప్పిన్నా అయ్యగారూ?" అంది. ఆయన దాని తల మీద చెయ్యి పెట్టి వెళ్లిపోయాడు. ఆ చెయ్యి పెట్టడం మాత్రం బాగుంది. అది ముందే చేసి ఊరుకుంటే ఇంకా బాగుండేది.

పగటి అన్నాలయ్యాక శాంతవ్వ ఆడవాళ్ల వసారాలోకి వచ్చి కూర్చుంది. ఆవరణలో అందరికంటే పాతది. ముక్కు కూలిపోయింది, వేళ్లు మొదట్లోనే అరిగిపోయాయి. తెల్లారితే ఈస్టరు, అందుకని ఆ కథ చెప్పడం ఆమె వాడుక. చదువు రాదు, విన్నది విన్నట్టు చెప్పేది. బాపు, ఖాసింసాబ్ మెట్ల మీద ఎడంగా కూర్చున్నారు. ప్రభువును సిలువ మీది నుంచి దించిన సంగతి, పొద్దుగూకుతుందని తొందర తొందరగా బట్టలో చుట్టి రాతి గుహలో పెట్టిన సంగతి చెప్పింది. ఆదివారం పొద్దున ఆడవాళ్లు పోయి చూస్తే లోపల మనిషి లేడు, తర్వాత ఉరికొచ్చిన మగవాళ్లకు ఉత్త బట్ట కనబడింది అంది.

"ఆగు శాంతవ్వా" అన్నాడు బాపు. గుడ్డ వల్ల అని విన్నాక ఆయన మాట్లాడిన మొదటి మాట. "బట్ట ఆడ్నే ఉన్నదా?"

"ఉన్నది."

"చినిగున్నదా?"

"చినగలే. తలకు చుట్టిన గుడ్డైతే యేరే జాగల చుట్టి, మడత బెట్టి ఉన్నది."

"సావుబట్టను మడత బెట్టిండా?"

"బెట్టిండు. ఏందయ్యా నీ పరేషాను?"

బాపు ఒక మెట్టు పైకి జరిగాడు. "సావుబట్టను ఎవలు మడత బెట్టరు శాంతవ్వా. అది తిరిగొచ్చే బట్ట గాదు. మడత బెట్టిండంటే, ఇగ దాంతోని పనిలేదని లేచి పోయిండన్నట్టు."

"గంతే మరి. నేను ఇరవై ఏండ్ల సంది అదే గద చెప్తున్న" అంది శాంతవ్వ.

"నేసినోని కష్టం తెలిసినోడు. పారేసి పోలే" అన్నాడు ఖాసింసాబ్.

అప్పుడు రాజవ్వ మంచం మీది నుంచే కేకేసింది. "అవ్వా, లేచొచ్చినంక ఆయన పుండ్లు మానినయా?"

"మానలే బిడ్డా. చేతులకు, కాళ్లకు అట్లనే ఉన్నయి. నమ్మనోనికి చూపెట్టిండు గూడ. నేనేనురా, చూసుకో అని."

రాజవ్వ దుప్పటి పక్కకు జరిపి, తన కాలు ఉండాల్సిన చోటు కాసేపు చూసుకుంది. నాకు ఆ కథలో తగిలింది అదే. చావును గెలిచి వచ్చినవాడు కూడా గాయాలు దాచుకోలేదు, మాన్పుకోలేదు. మా వాడలో, మా అత్తవారింట్లో నా కాలు చూస్తే నేను నేను కాకుండా పోయాను. ఈయన్ను గాయాలు చూసి గుర్తుపట్టారట. ఆ మధ్యాహ్నం నాకు కాలు మీద ఆశ ఏమీ పెరగలేదు. కాలు పోయినా నేను ఉంటాను అనిపించింది. అంతకు ముందు అది అనిపించలేదు.

బాపు లేచి మగ్గం దగ్గరికి పోయాడు. మగ్గం దువ్వెన లాంటి పన్నెలో ఒక సందు విడిచి ఒక సందులో పోగు పోసుకున్నాడు. గంజి బొత్తిగా లేకపోతే పడుగు తెగుతుంది. అందుకని పలచని గంజి పెట్టి నేసి, బట్టను కుండలో ఉడకబెట్టి, నీళ్లు తేటగా వచ్చేదాకా కడిగి కడిగి పిండాడు. నేను మంచం మీది నుంచి చప్పుడు వింటూనే ఉన్నాను. మా ఇంటి మగ్గం చప్పుడు కాదు అది, జర ఆగి ఆగి వచ్చేది. ఆదివారం పొద్దున ప్రార్థన గంట మోగుతుండగా ఆరిన గుడ్డ తెచ్చి నా ముందు ఎండకు అడ్డంగా పట్టుకున్నాడు. అంచు లేదు. గుడ్డ అవతల ఆయన ముఖం, నెరిసిన గడ్డం కనబడ్డాయి.

"కనబడ్తున్నవ్ బిడ్డా" అన్నాడు.

దావీదు కడుతుంటే ఆయన చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "తప్పు నాదే దావీదూ" అన్నాడు. "కట్టిన చేతులు నాయి మల్లన్నా" అన్నాడు దావీదు. నేను ఇంకొకటి కనిపెట్టి చూశాను. ఆ రోజు బాపు నెత్తి మీద నీళ్లు పోసుకోలేదు. నాడెను పసుపు నీళ్లలో కడగలేదు.

ఇక మంగళవారం. చివరి పొర విప్పే ముందు డాక్టరమ్మ చెయ్యి ఆగింది. రాజవ్వ చంకకర్రలు పట్టుకుని తలుపులో నిలబడి ఉంది. పొర వచ్చింది. పాదం ఎర్రగా ఉంది. రెండు వేళ్లు మాత్రం నల్లబడ్డాయి. "వేళ్లు రెండు పోతాయి. కాలు ఉంటుంది" అంది డాక్టరమ్మ. దావీదు అదే మాట వసారాలోకి కేకేశాడు. బాపు గోడ వైపు నుంచి తిరగకుండానే "ఏ రెండు?" అని అడిగాడు. బొటనవేలు, దాని పక్కది అని చెప్పారు. "నడుస్తదా?" "నడుస్తది."

నన్ను ఎన్నో ప్రార్థన కూడికల్లో సాక్ష్యం చెప్పమంటారు. విశ్వాసం వల్ల కాలు నిలిచిందని చెప్పి ముగించమంటారు. నేను చెప్పను. రాజవ్వ కోసం కూడా అవే ప్రార్థనలు చేశారు, దాని కాలు పోయింది. నా కాలును గుడ్డ నిలిపింది, డాక్టరమ్మ చేతులు నిలిపాయి. ఆ గుడ్డ నేసే ధైర్యం మా బాపుకు ఎక్కడి నుంచి వచ్చిందో అది చెప్తాను. అక్కడ దేవుడు ఉన్నాడు అంటాను. ఇప్పుడు ఈ రోగానికి కొన్ని నెలలు మాత్రలు మింగితే చాలు, ఎవరూ ఇల్లు విడవక్కరలేదు. ఆ ఆవరణ మూతపడింది, మగ్గాల పాకలో తుమ్మచెట్లు మొలిచాయి. అది మంచికే. అయితే ఇప్పుడు నాకు ఒంట్లో బాగాలేదంటే జనం వస్తారు, పావుగంటలో దేవుని చిత్తం మొత్తం విడమరచి చెప్పి, ఫోను చూసుకుని పోతారు. ఆ మాటలు వింటుంటే నాకు బాపు మొదటి చుట్ట గుర్తొస్తుంది. దట్టంగా, గంజి పెట్టి, అంచు తీర్చి ఉంటాయి. ప్రేమతోనే తెస్తారు. పుండుకు మాత్రం గాలి ఆడదు. శాంతవ్వ దగ్గర అంత మాట లేదు. వచ్చి కూర్చునేది, అడిగినదానికి చెప్పేది, తెలియనిది తెలియదనేది.

తర్వాత రెండేళ్లకు నేను బాప్తిస్మం తీసుకున్నాను. పేరు మార్చుకోమంటే మార్చుకోలేదు. రోగం తగ్గాక దావీదునే చేసుకున్నాను, నాకు అక్షరాలు దిద్దించింది ఆయనే. బాపు తన దేవుళ్లను విడవలేదు. కానీ సుల్తానాబాద్‌కు తిరిగి పోయాక కూడా ఏటా ఈస్టరు ముందు శనివారం ఒక మూట కట్టుగుడ్డ నేసి తెచ్చేవాడు. మెట్ల మీద కూర్చుని "ఆ మడత బెట్టిన కాడికి చెప్పు శాంతవ్వా" అనేవాడు. అది విని, లేచి పోయేవాడు. మా పెట్టెలో దొరికిన చుట్ట ఆయన చివరి మూటలోది. ఎవరికీ కట్టలేదు.

ఆ మంగళవారం సంగతి ఇంకొకటి మిగిలింది. డాక్టరమ్మ విప్పిన గుడ్డ నేల మీద కుప్పగా పడి ఉంది. ఉడకబెట్టి మళ్లీ వాడతారు. బాపు లోపలికి వచ్చి నా ముఖం చూడలేదు, కాలు చూడలేదు. వంగి ఆ మరకల గుడ్డ తీసుకుని, మోకాలి మీద పరిచి, మెల్లగా మడత పెట్టాడు.

బలపం పట్టిన మొదటి నెలలో దావీదు ఏం రాస్తావని అడిగితే, ఆ రోజు అక్కడ ఉన్నవాళ్ల పేర్లు రాస్తానన్నాను. వాళ్ల వాళ్ల ఊళ్లలో అందరూ పలకడం మానేసిన పేర్లు అవి. మళ్లీ రాస్తున్నాను. డాక్టరమ్మ, ఆమె పేరు మా ఎవరి నోటికీ తిరగలేదు. దావీదు, గంట చూసి రాసినవాడు. శాంతవ్వ, నా తలాపున కూర్చుని ఉంది. రాజవ్వ, ఒంటికాలి మీద నిలబడి నాకంటే ముందు ఏడ్చింది. ఖాసింసాబ్, వసారాలో బాపు భుజం పట్టుకుని. మల్లయ్య, మా బాపు. నేను, నర్సవ్వ, ఎనిమిది వేళ్లతో.